లాకుల బంగళా నాటికకు గుబులు పుట్టించే సంగీతం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో సంక్రాంతి మూడో రాత్రి గంటసేపు నాటిక వేస్తున్నారు. కాలవ గట్టు మీద పాడుబడ్డ లాకుల బంగళాలో ఒకే రాత్రి జరిగే కథ. ఆరుబయట స్టేజి, రెండు బాక్సులు, రెండు హారన్లు, ఒక జనరేటరు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోంచి ఏ ముక్కలు వాడాలి? ఊళ్ళో ఉన్న వయొలిన్ మాస్టారిని, హార్మోనియం, తబలా వాయించేవాళ్ళని ఇందులో కలుపుకోవచ్చా?

తప్పకుండా కలుపుకోండి. రికార్డు సగం పని చేస్తుంది, మిగతా సగం వాళ్ళే చెయ్యాలి. ఎందుకో చెబుతాను.

'భయపెట్టే క్లాసికల్ సంగీతం' అని వెతికితే వచ్చే జాబితాల్లో చాలా ముక్కలు యూరప్ శ్రోతల జ్ఞాపకం మీద ఆధారపడినవి. 'డీస్ ఈరే' అనే మధ్యయుగపు చర్చి కీర్తన ఉంది. అంత్యక్రియల ప్రార్థనలో పాడేది. మన స్వరాల్లో దాని మొదటి నాలుగు అక్షరాలు గ రి గ స, సాధారణ గాంధారం, చతుశ్రుతి రిషభం. బెర్లియోజ్ 1830లో రాసిన 'సింఫనీ ఫాంటాస్టిక్' చివరి భాగంలో చర్చి గంటల మధ్య ఈ వరస వస్తుంది. లిస్ట్ 'టోటెన్‌టాంజ్' మొత్తం దీని మీదే నడుస్తుంది. చావు ఇంట్లో ఆ పాట విన్నవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. కోనసీమలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయనకి అది ఒక మామూలు వరస, అంతే. కాబట్టి మీరు ఏ ముక్క విన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: దీని వెనక కథ తెలియనివాడి చెవి మీద కూడా ఇది పని చేస్తుందా? చేస్తే తీసుకోండి. జ్ఞాపకం మీద పని చేసే శబ్దం కావాలంటే మన ఊళ్ళోంచే తీసుకోవాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

చెవి మీద నేరుగా పని చేసేవాటిలో నా మొదటి ఎంపిక బార్తోక్. 1936లో రాసిన 'మ్యూజిక్ ఫర్ స్ట్రింగ్స్, పెర్కషన్ అండ్ సెలెస్టా'లో మూడో భాగం. ఆ భాగం మొదలే జైలోఫోన్ (చెక్క పలకల వాద్యం) మీద ఒకే ఒక్క పై స్వరం. నెమ్మదిగా మొదలై, దెబ్బల సంఖ్య 1, 1, 2, 3, 5, 8 చొప్పున పెరిగి, అదే వరసలో వెనక్కి తగ్గుతుంది. చెక్క తలుపు మీద ఎవరో గోటితో కొడుతున్నట్టుంటుంది. తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో చెవికి అందదు. కింద టింపనీ (నగారాలాంటి పెద్ద డోలు) స్వరం జారుతుంది. ఈ భాగం మొత్తం 7 నిమిషాల దాకా ఉంటుంది కానీ మీకు మొదటి నిమిషం చాలు. ఇంకో లాభం, జైలోఫోన్ శబ్దం హారన్లలో కూడా స్పష్టంగా పలుకుతుంది.

రెండోది రవెల్. 1908 నాటి 'గాస్పార్ ద లా న్యుయి'లో మధ్య భాగం, 'లె జిబే'. ఒంటరి పియానో. ఉరికంబం దృశ్యం. మొదటి నుంచి చివరిదాకా ఒకే స్వరం, బి ఫ్లాట్, దూరపు గంటలా మోగుతూనే ఉంటుంది. చుట్టూ ఉన్న స్వరాలు మారుతుంటాయి, గంట మాత్రం మారదు. 6 నిమిషాల పైచిలుకు. ఎక్కడా హఠాత్తుగా పెద్దది కాదు కాబట్టి సంభాషణల కింద వాడటానికి ఇంతకంటే అనువైనది దొరకదు. నటుడు మాట ఆపినప్పుడల్లా ఆ గంట వినబడుతుంది. పదో నిమిషంలో ఒకసారి, నలభయ్యో నిమిషంలో మళ్ళీ ఒకసారి వాడితే రెండోసారికి ప్రేక్షకులు దాన్ని గుర్తుపడతారు. మీ నాటికలోనే మీరు ఒక జ్ఞాపకాన్ని తయారు చేసినట్టు.

సాన్-సాన్స్ 1874లో రాసిన 'దాన్స్ మకాబ్ర్', అంటే ఎముకల గూళ్ళ నాట్యం, అందరూ చెప్పేదే, నేనూ చెబుతాను, కానీ మొదటి అర నిమిషమే. హార్ప్ మీద ఒకే స్వరం 12 సార్లు మోగుతుంది, అది అర్ధరాత్రి గంట. ఆ వెంటనే సోలో వయొలిన్. దాని పై తీగని అరస్వరం దించి శ్రుతి చెయ్యమని ఆయనే రాశాడు. అందుకే ఆ తీగలు కలిసి మోగినప్పుడు కడుపులో తిప్పినట్టుంటుంది. అక్కడితో ఆపెయ్యండి. తర్వాత వచ్చేది హుషారైన నాట్యం, జనం తాళం వేస్తారు. మీ కథలో బంగళా గోడ గడియారం ఉంటే 12 దెబ్బల దగ్గర ఇది అతుకుతుంది. అదే ముక్క చివర ఓబో అనే ఊదే వాద్యం కోడికూత కూస్తుంది, ఎముకల నాట్యం ఆగి అంతా సన్నగిల్లిపోతుంది. తెల్లవారే దృశ్యానికి ఆ చివరి నిమిషం వాడుకోవచ్చు.

కథలో పడవ వస్తే రహ్మానినోవ్ 'ఐల్ ఆఫ్ ది డెడ్' వినండి. ఇదీ 1908 నాటిదే. తెడ్డు వేస్తున్న కదలికని అయిదు లెక్కలో రాశాడు. మన ఖండగతి అన్నమాట, ఒకసారి రెండు-మూడు, ఒకసారి మూడు-రెండు. నాలుగు లెక్కకి అలవాటు పడ్డ ఒళ్ళు దీంతో కుదురుకోదు. మొత్తం 20 నిమిషాలు, మీకు మొదటి రెండు మూడు నిమిషాలు చాలు. అయితే ఇది కింది స్థాయి తీగల మీద నడిచే సంగీతం. హారన్ల మీద వేస్తే ఏమీ మిగలదు, బాక్సుల మీదే వెయ్యాలి. నాటిక ముగింపుకి హోల్స్ట్ 'ప్లానెట్స్'లోని చివరి భాగం 'నెప్ట్యూన్' బాగుంటుంది. కనబడని గదిలోంచి స్త్రీల గొంతులు వచ్చి, ఎప్పుడు ఆగాయో తెలియకుండా ఆగిపోతాయి. కచేరీల్లో ఆ గది తలుపుని మెల్లగా మూస్తారు.

ముస్సోర్‌స్కీ 'నైట్ ఆన్ బాల్డ్ మౌంటెన్' మీ పనికి రాదు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ సవరించిన 1886 పాఠం మొదటి క్షణం నుంచే హోరు. పక్కన ఒక మనిషి మాట్లాడే చోటు ఉండదు. బాఖ్ డి మైనర్ టొకాటా ఆర్గన్ మీద అద్భుతమైన రచన, కానీ కార్టూన్లలో వాడి వాడి పిల్లలకి నవ్వు తెప్పించే శబ్దం అయిపోయింది. పెండెరెట్స్కీ 52 తీగ వాద్యాలకి రాసిన 'థ్రెనడీ'ని కూడా చాలామంది సూచిస్తారు. అది హిరోషిమా మృతులకి అంకితం చేసిన రచన. దాన్ని దెయ్యం దృశ్యం వెనక వాడటం నాకు సమ్మతం కాదు.

ఇక మీ ఊరి వాద్యాలు. రికార్డు చెయ్యలేని పని వీళ్ళు చెయ్యగలరు: నటుడి వైపు చూస్తూ, అతను ఎంతసేపు ఆగితే అంతసేపు ఆగడం.

వయొలిన్ మాస్టారు పై పంచమం తీగని ప్రతిమధ్యమానికి దించాలి. పక్కనున్న షడ్జమం తీగతో కలిపి రెండూ ఖాళీగా, ఒక్క కమానుతో లాగితే సాన్-సాన్స్ వాడిన అంతరమే వస్తుంది. దించిన తీగ వెంటనే నిలవదు, బిరడా బిగించి పది నిమిషాలు వాయించి మళ్ళీ సరిచూడాలి. నాటిక మధ్యలో దించి, మళ్ళీ ఎక్కించి రాగం వాయించాలంటే శ్రుతి తప్పుతుంది. రెండో వయొలిన్ దొరికితే దాన్ని దించి పక్కన పెట్టుకోండి. కమాను బ్రిడ్జికి దాదాపు ఆనించి లాగితే గాజు గీసినట్టు శబ్దం వస్తుంది. తీగని ఫింగర్‌బోర్డుకి నొక్కకుండా సగం దగ్గర వేలు తాకించి లాగితే ఈలలాంటి స్వరం వస్తుంది. ఈ రెండూ మైకు దగ్గరగా ఉంటేనే వినబడతాయి, జానెడు దూరం చాలు. అన్నిటికంటే ముఖ్యం, గమకం, అంటే స్వరాన్ని ఊపడం, వద్దు. గమకం వచ్చిన మరుక్షణం ప్రేక్షకుడికి మనిషి గుండె వినబడుతుంది, జాలి కలుగుతుంది. బంగళాలో ఉన్నది మనిషి కాదనిపించాలంటే స్వరం కదలకుండా నిలబడాలి. కర్ణాటక బాణీలో పెరిగిన చేతికి ఇది కష్టమే, రెండు మూడు రిహార్సళ్ళు దీనికే కేటాయించండి.

హార్మోనియం మీద మంద్రస్థాయిలో పక్క పక్క మెట్లు రెండు, షడ్జమం, శుద్ధరిషభం, కలిపి నొక్కి తిత్తి చాలా నెమ్మదిగా కదిపించండి. స 130.8 హెర్ట్జ్ అయితే రి 138.6 దగ్గర ఉంటుంది. ఆ తేడా వల్ల శబ్దం సెకనుకి 8 సార్లు వణుకుతుంది. పై స్థాయిలో అదే జత నొక్కితే తప్పు వాయించినట్టే వినబడుతుంది. తబలా జతలో డగ్గా (ఎడమచేతి పెద్దది) ఒక్కటే వాడండి. మణికట్టు ఒత్తి జరుపుతూ ఒక్కో దెబ్బ, ఆ మూలుగు చాలు, లయ అక్కర్లేదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఒక కంచు పళ్ళేన్ని తాడుతో వేలాడదీసి, మెత్తటి గుడ్డ చుట్టిన కర్రతో కొట్టి, మోగుతుండగానే నీళ్ళ బకెట్లోకి మెల్లగా దించండి. స్వరం కిందికి జారిపోతుంది. జాన్ కేజ్ లాంటి స్వరకర్తలు గాంగుతో (వేలాడే పెద్ద లోహపు పళ్ళెం) చేసిన పద్ధతే ఇది. పళ్ళెం కనీసం అడుగు వెడల్పు ఉండాలి, సగానికి మించి ముంచకూడదు, ముంచితే శబ్దం చచ్చిపోతుంది. మైకు, వైర్లు బకెట్ నుంచి రెండు అడుగులైనా దూరంగా, నీటి మట్టానికి పైన ఉండాలి. గుళ్ళో జేగంటని మాత్రం దీనికి అడగొద్దు.

రాగాల దగ్గరకొస్తే, పున్నాగవరాళి వద్దు. నాలుగు స్వరాలు వినగానే జనం పాము కోసం చూస్తారు. శుభపంతువరాళి శోకానికి గొప్ప రాగం, కథలో చనిపోయిన మనిషి సంగతి బయటపడే చోట రెండు నిమిషాల ఆలాపన పెట్టుకోండి. గుబులుకి నేను చంద్రకౌన్స్ ఎంచుతాను: స గ మ ద ని, సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. పంచమం లేదు, రిషభం లేదు, నిషాదం షడ్జమాన్ని రాసుకుంటూ ఉంటుంది. సంధ్యవేళ దృశ్యానికి హిందుస్తానీ మార్వా ఉంది. దాని స్వరాలు మన హంసానంది స్వరాలే, మాస్టారికి చేతిలోనే ఉంటాయి. తేడా అంతా షడ్జమాన్ని ఎగ్గొట్టడంలో ఉంది. రిషభం, ధైవతం మీద తిరుగుతూ స దగ్గరకి వచ్చి వచ్చి తప్పించుకోవాలి. శ్రుతిపెట్టెలో పంచమం ఆపెయ్యండి, అది మోగుతుంటే రాగం ఇంటికొచ్చినట్టుంటుంది, గుబులు పోతుంది.

ఇప్పుడు జ్ఞాపకం మీద పని చేసే శబ్దాలు. మన ప్రాంతంలో తెల్లవారుజామున వీధి చివర బుడబుక్క వినబడితే పిల్లలు దుప్పటి ముసుగేసుకునేవారు. ఆ శబ్దం ఒక్కసారి, ప్రేక్షకుల వెనక కొబ్బరితోటలోంచి రావాలి. రికార్డు కంటే బుడబుక్కల ఆయనని పిలిచి, తగిన డబ్బిచ్చి, తోటలో నిలబెట్టడం మేలు. స్టేజి వెలుతురులోకి ఆయన రానక్కర్లేదు. తీతువు పిట్ట కూత కూడా అలాంటిదే, దాన్ని రికార్డుగా వాడొచ్చు. గజ్జెలు అరిగిపోయాయి. తప్పదంటే ఒకే ఒక్క మువ్వ, లెక్క కుదరని ఎడాలతో.

రెండు చోట్ల ఆగండి. జాతర డప్పు, గరగల దరువు, వీరనాట్యంలో వాయించే వీరణం దరువు, ఇవి భయంకరంగా ఉంటాయని నాటికలో పెట్టాలనిపిస్తుంది. కూర్చున్న జనంలో ఎవరికైనా పూనకం వస్తే మీ నాటిక అక్కడితో ఆగిపోతుంది. కింద వైర్లు, పక్కన జనరేటరు ఉన్న చోట అది ప్రమాదం కూడా. అలాగే శవయాత్రలో ఊదే శంఖం, కొట్టే దరువు. ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఆ కుర్చీల్లో ఉంటారు. వాళ్ళని ఏడిపించే హక్కు నాటికకి లేదు.

సౌండు సంగతి. హారన్లు సుమారు 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకవు. మాటలకి అవి సరే, సంగీతం మాత్రం బాక్సులకే పంపండి. మిక్సర్లో ఆక్స్ అవుట్‌పుట్ (విడిగా శబ్దం పంపే దారి) ద్వారా హారన్లకి మాటలు మాత్రమే వెళ్ళేలా విడదీయమని మైక్ సెట్ ఆయనకి ముందే చెప్పండి, ఆ రాత్రికి చెబితే కుదరదు. కరెంటు హమ్, అంటే స్పీకర్లలో వచ్చే గుంయ్ మనే మోత, 50, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మీ శ్రుతి 5గా పెట్టుకుంటే, అంటే జి, మంద్ర షడ్జమం 98 హెర్ట్జ్ వస్తుంది. హమ్ పూర్తిగా పోకపోయినా శ్రుతిలో కలిసిపోతుంది. జనరేటరుని గాలి వీచే దిక్కుకి కింద వైపు, యాభై మీటర్ల అవతల పెట్టించండి.

జనవరి రాత్రి నేల దగ్గర గాలి చల్లబడుతుంది, పైన వెచ్చగా ఉంటుంది. అందువల్ల దూరపు శబ్దం పైకి పోకుండా వంగి కిందికి వస్తుంది. నీళ్ళు పెట్టిన దాళ్వా చేల మీదుగా రెండూళ్ళ అవతలి రికార్డింగ్ డాన్స్ పాట కూడా మీ స్టేజి దగ్గర వినబడేది ఇందుకే. ఆర్కెస్ట్రా రికార్డుల్లో చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా చాలా ఎక్కువ. ఇంట్లో ఇయర్‌ఫోన్లలో ఒళ్ళు గగుర్పొడిచిన 'నెప్ట్యూన్' ఆరుబయట అసలు వినబడదు. ఆడాసిటీ అనే సౌండు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంప్రెసర్ వెయ్యండి, ఆ తేడాని తగ్గించేది అదే: థ్రెషోల్డ్ మైనస్ 24 డెసిబెల్స్, నిష్పత్తి 3:1, అటాక్ 50 మిల్లీసెకన్లు, రిలీజ్ 1 సెకను, ఆపైన 6 డెసిబెల్స్ పెంపు. రిలీజ్ తక్కువ పెడితే శబ్దం ఊపిరి పీల్చినట్టు పైకీ కిందికీ ఊగుతుంది. మాటల కింద నడిచే సంగీతం మాట కంటే 12 నుంచి 15 డెసిబెల్స్ తక్కువ ఉండాలి. తిప్పి తిప్పి వేసే ముక్కల్ని ఎంపీ3లో పెట్టొద్దు, కలిసేచోట చిన్న ఖాళీ వస్తుంది. వేవ్ ఫైలుగా ఉంచండి.

ఎంత వాడాలి? గంట నాటికకి సంగీతం పదిహేను నిమిషాలు మించితే ప్రేక్షకులకి అలవాటైపోతుంది. ఎనిమిది తొమ్మిది క్యూలు, అంటే సంగీతం వచ్చే చోట్లు, చాలు. తెర లేచినప్పటి నుంచి కీచురాళ్ళ శబ్దం చాలా సన్నగా నడిపించండి, అయిదు నిమిషాలకి దాన్ని ఎవరూ గమనించరు. బంగళా లోపలి గది తలుపు తెరిచే క్షణంలో దాన్ని టక్కున ఆపండి. నాలుగు సెకన్లు ఏమీ వద్దు. ఆ నాలుగు సెకన్లలో జనం కుర్చీల్లో కదలడం ఆగుతుంది. అప్పుడు బార్తోక్ మొదటి దెబ్బ. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మౌనం భరించలేక రెండో సెకనులోనే బటన్ నొక్కడం. ఆపరేటర్ పక్కన గడియారం పెట్టండి. పెద్ద శబ్దంతో ఉలిక్కిపడేలా చెయ్యడం నాటిక మొత్తం మీద ఒక్కసారే, అదీ రెండో సగంలో. ముందే వాడేస్తే తర్వాత వచ్చే ప్రతి మౌనంలోనూ జనం చెవులు మూసుకుని కూర్చుంటారు, సన్నటి శబ్దాలేవీ వాళ్ళకి చేరవు.

హక్కుల విషయం. మన చట్టం ప్రకారం రచనకి కర్త మరణించాక 60 ఏళ్ళు రక్షణ. సాన్-సాన్స్ 1921లో, హోల్స్ట్ 1934లో, రవెల్ 1937లో, రహ్మానినోవ్ 1943లో, బార్తోక్ 1945లో పోయారు కాబట్టి వీళ్ళ రచనలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కానీ రికార్డింగుకి విడిగా హక్కు ఉంటుంది, విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. నిన్నటి ఆర్కెస్ట్రా రికార్డుని వాడి వీడియో యూట్యూబులో పెడితే హక్కుదారుల నుంచి క్లెయిమ్ వస్తుంది. మ్యూజోపెన్ వెబ్‌సైటులో స్వేచ్ఛగా వాడుకోదగ్గ రికార్డులు దొరుకుతాయి. 'ఐల్ ఆఫ్ ది డెడ్'కి రహ్మానినోవ్ స్వయంగా ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో 1929లో చేసిన రికార్డు ఉంది. పాతకాలపు గరగర ఉంటుంది, పాడుబడ్డ బంగళాకి అది లోటు కాదు. తీసుకునే ముందు ఆ ప్రతి ఎవరు, ఏ షరతుల మీద పెట్టారో చదువుకోండి.

రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ నిషేధం. పండగలకి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, ఏడాదికి 15 రోజులు మించకుండా. ఆ రాత్రి సడలింపు ఉందో లేదో స్టేషన్లో ముందే కనుక్కుని, మైకు అనుమతి కాగితం చేతిలో ఉంచుకోండి. చివరి రిహార్సల్ పగలు కాకుండా నాటిక వేసే గంటకే, అదే స్థలంలో, జనరేటరు నడుస్తుండగా పెట్టండి. మంచు పడే వేళకి డగ్గా చర్మం సడలుతుంది, కమాను వెంట్రుక వదులవుతుంది. వాటిని నాటిక మొదలయ్యేదాకా గుడ్డ కప్పి లోపల ఉంచమనండి, ప్రతి అంకానికి ముందు శ్రుతి చూసుకోమనండి.